నేలచూపుల పువ్వు

మంచుకొండల మీద ఒక చిన్న విహారం. అందులో నవాంగ్ అనే యువ భిక్షువుకి ఒక పువ్వు మీద ఎంత ప్రేమో అంత కోపం.

ఆ పువ్వు పేరు హెలిబోర్. చలికాలం పోతూ పోతూ ఉండగా, ఇంకా ఏ చెట్టూ చిగురు తొడగకముందే, మంచును తోసుకుని పూస్తుంది. బయటినుంచి చూస్తే మాసిన ఊదారంగు, అంతే. లోపల మాత్రం కుంకుమ చిలకరించినట్టు చుక్కలే చుక్కలు. ఏం లాభం? పూయడమే తల వాల్చుకుని పూస్తుంది. విహారంలో అందరూ దాన్ని నేలచూపుల పువ్వు అనేవారు.

ఏటా మంచు కరిగే వేళ కింది ఊళ్ల జనం పండక్కి కొండెక్కి వస్తారు. నవాంగ్ సాకుతున్న పూలమడి దారి పక్కనే. అయినా ఒక్కరూ ఆగరు. ఒక ఏడాది ఒక అవ్వ ఆగింది. నవాంగ్ గుండె ఉప్పొంగింది. ఆవిడ చెప్పులో పడ్డ రాయి దులుపుకుని, మడివైపు ఒక చూపు చూసి, "వడలిపోయినట్టున్నాయి నాయనా, కాసిని నీళ్లు పొయ్యి" అని వెళ్లిపోయింది.

ఆ రోజే నిశ్చయించుకున్నాడు. తలెత్తి చూసే పువ్వును పుట్టించాలి.

మిగతావాటికన్నా తల కాస్త తక్కువ వాల్చే మొక్కల్ని వెతికి పట్టుకున్నాడు. మొగ్గ విచ్చకముందే వేళ్లతో మెల్లగా తెరిచి, దాని సొంత పుప్పొడి కేసరాలు గిల్లేసి, వేరే పువ్వు పుప్పొడిని మేకవెంట్రుకల కుంచెతో అద్దేవాడు. గుర్తుకి ఎర్ర ఉన్నిదారం కట్టేవాడు. గింజ మొలిచి పువ్వు మొహం చూపించాలంటే మూడు చలికాలాలు ఆగాలి. ఆగాడు. పూసినవన్నీ నేలనే చూశాయి. వాటిలో కాస్త నయమైనవి ఏరి మళ్లీ దారాలు కట్టాడు. మళ్లీ ఆగాడు.

"ఒరేయ్ నవాంగ్, ఆ పువ్వు తలెత్తేలోపు నీ నడుం వంగిపోతుందిరా" అనేవాడు వంట చూసుకునే లోద్రో.

చివరికి, పండగ రేపనగా, ఒక పువ్వు తలెత్తింది. పైకి పట్టిన గిన్నెలా, చుక్కలన్నీ ఆకాశానికి చూపిస్తూ విచ్చుకుంది.

నవాంగ్ పరుగెత్తుకెళ్లి గురువుగారిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. రింజెన్ గురువుగారు చాలాసేపు చూశారు. ఆయన మొహం కూడా విచ్చుకుంది.

"భలే ఉందిరా. పలకరిస్తే పలికేలా ఉంది."

"గురువుగారూ, ఒక మాట. మీరు సరేనంటే ఈ వంగిన మొక్కలన్నీ పీకేస్తాను. మడంతా దీని గింజలే వేస్తాను."

ఆ పాత మొక్కలు గురువుగారి గురువు నాటినవి. ఆ సంగతి నవాంగ్‌కీ తెలుసు.

గురువుగారు గడ్డం నిమురుకున్నారు. "పండగ కానీ. తర్వాత చూద్దాం" అన్నారు.

తెల్లారేసరికి వాన. వట్టి వాన కాదు, మంచుముక్కలు కలిసిన వాన. నవాంగ్ మడి దగ్గరికి ఉరికాడు. తలెత్తిన పువ్వు నిండా మంచునీళ్లు. వంచి పారబోశాడు. మళ్లీ నిండింది. అరచెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల సందుల్లోంచి కారి నిండింది. లోపల పుప్పొడి తడిసి, గంజి అడుగులా ముద్దయిపోయింది.

తడిసిన బట్టలతోనే గురువుగారి గదికి వెళ్లాడు.

"పుప్పొడి పాడైపోయింది. తేనెటీగ కూడా వాలదిక. గింజ పట్టదు. ఇన్నేళ్ల చాకిరీ గురువుగారూ. ఎక్కడ తప్పు చేశాను?"

గురువుగారు లేచారు. గోడకి వేలాడుతున్న గొడుగు తీశారు. ఎవరో భక్తుడిచ్చిన నూనెగుడ్డ గొడుగది. పైన నల్లగా ఉంటుంది. లోపల మాత్రం మేఘాలు, చేపలు, తామరలు రంగురంగుల్లో గీసి ఉంటాయి.

"పద, జనం వచ్చే వేళయింది. ఎదురెళ్దాం."

వాకిట్లోకి రాగానే గొడుగు విప్పారు. విప్పి తిరగేశారు. కొన పట్టుకుని, పిడి ఆకాశంవైపు పెట్టి, హాయిగా నడక మొదలుపెట్టారు. వాన నెత్తిన పడుతోంది. గొడుగులోనూ పడుతోంది.

వంటశాల గుమ్మంలోంచి లోద్రో గరిటెతో సహా బయటికొచ్చాడు. "నవాంగ్, గురువుగార్ని ఏం చేశావురా?"

నవాంగ్ వెనకే పరుగెత్తాడు. "గురువుగారూ, గొడుగు తిరగబడింది."

"అవునా?"

"తడిసిపోతున్నారు."

"తడుస్తున్నాను నిజమే" అన్నారు గురువుగారు, గడ్డం మీంచి నీళ్లు కారుతుంటే. "కానీ లోపలి చేపలు ఎవరికీ కనిపించడం లేదురా. ఎంత బాగా గీశాడో పాపం. ఇలా పట్టుకుంటే అందరూ చూస్తారు."

గొడుగు బరువెక్కి ఒక పక్కకి ఒరిగింది. నీళ్లన్నీ గురువుగారి చేతిమీంచి చొక్కాలోకి జారాయి. ఆయన కెవ్వుమని, వెంటనే పకపకా నవ్వారు.

నవాంగ్ నవ్వబోయి ఆగిపోయాడు. గొడుగువైపు చూశాడు. మడివైపు చూశాడు.

బురదలో మోకాళ్లమీద కూర్చున్నాడు. తల వాల్చిన ఒక పువ్వు కింద రెండు వేళ్లు పెట్టి మెల్లగా ఎత్తాడు. లోపల పొడిగా ఉంది. పసుపు పసుపుగా పుప్పొడి. ఆ పుప్పొడిలో ఒళ్లంతా పొర్లించుకుని, వాన వెలిసేదాకా తలదాచుకున్న బొద్దు తుమ్మెద ఒకటి. వెలుతురు పడగానే జుమ్మని విసుక్కుంది.

"తప్పయింది, తప్పయింది" అని నవాంగ్ పువ్వుని వదిలేశాడు. తర్వాత ఏమనిపించిందో, బురదలో వెల్లకిలా పడుకుని, మొక్కల కిందనుంచి పైకి చూశాడు. నెత్తిమీద ఎన్ని పువ్వులో అన్ని చుక్కల ఆకాశాలు.

వాన సన్నబడేసరికి జనం వచ్చారు. బురదలో పడుకుని నవ్వుకుంటున్న భిక్షువుని చూసి ఆగారు.

"ఏముంది స్వామీ అక్కడ?"

"వంగి చూడండి."

ఒకరు వంగారు. ఆ వంగినవాడు ఇంకొకర్ని పిలిచాడు. లావుపాటి ఊరిపెద్ద మోకాళ్లమీద కూర్చున్నాడు గానీ లేవలేకపోయాడు. ఇద్దరు పట్టి లేపితే, "ఆగండ్రా, అటు చివరవి చూడలేదు" అని మళ్లీ కూలబడ్డాడు. అప్పటి అవ్వ కూడా వచ్చింది. కొంగు బిగించి వంగి, చాలాసేపు చూసింది.

"చూశావా నాయనా, నీళ్లు పొయ్యమంటే వినలేదు ముందు. ఇప్పుడెంత బాగా పూశాయో."

"అవునవ్వా" అన్నాడు నవాంగ్.

జనం గుడివైపు వెళ్లాక, బురద దులుపుకుంటూ గురువుగారి దగ్గరికొచ్చాడు. తలెత్తిన పువ్వు మడి మధ్యలో, నీళ్లు నిండి, ఒంటరిగా నిలబడి ఉంది. నవాంగ్ దాన్ని చూపించాడు.

"దీన్ని పీకెయ్యమంటారా?"

గురువుగారు ఆ పువ్వుని వంచి నీళ్లు పారబోశారు. గొడుగుని ఈసారి సరిగ్గా తిప్పి, దాని పక్కన నేలలో గుచ్చారు.

"ఎందుకురా? గొడుగుందిగా."