చారల బండ పడుకున్న తీరు

అనగనగా ఒక ఊళ్ళో, ఊళ్ళో అంటే నడిమధ్యన కాదులే, ఊరి చివర వంక గట్టున, చెన్నక్క అని రాళ్ళు కొట్టే ఆమె ఉండేది. ఉలి పట్టిందంటే కొండైనా దారి ఇవ్వాల్సిందే. నీలాగే, ఒకళ్ళు చెబితే వినే రకం కాదు.

చెన్నక్కకు గంగులమ్మ అని ఒక చెల్లెలు. వంకకు ఇవతల చెన్నక్క ఇల్లు, అవతల గంగులమ్మ ఇల్లు. కాన్పులు చేసే మంత్రసాని సాలమ్మ ఉండేదీ ఇవతలే. పోయిన వానాకాలం గంగులమ్మకు నొప్పులొచ్చిన రోజే వంక పొంగింది. సాలమ్మ దాటలేకపోయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు గంగులమ్మకు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఆకాశంలో మబ్బులూ నిండుతున్నాయి.

అప్పుడు చెన్నక్క నడుం బిగించింది. "వంక మీద బండ వేస్తా. అదో నేనో తేలిపోవాలి" అంది.

మొదట గట్టు పక్కనే ఉన్న పొరల రాయి తీసింది. ఉలి ఆనిస్తే చాలు, పలకలు పలకలుగా లేచొచ్చింది. ఊరివాళ్ళంతా తాళ్ళు కట్టి లాగి వంక మీద వేశారు. ఆ తర్వాత మేకల మంద ఎక్కింది. బండ మధ్యకు విరిగి కూర్చుంది. మేకలు తడిశాయి, అంతే. కంగారుపడకు.

అప్పుడు కొండెక్కింది. అక్కడ నలుపూ తెలుపూ చారల రాయి ఉంది, ఉలికే చెమటలు పట్టించే రాయి. పైన చారలు కనబడితే చీర పరిచినట్టుంటుందని, అడ్డచారలు వచ్చేలా కోసింది. చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత జొన్నమూటలతో గాడిద ఎక్కింది. బండ సరిగ్గా నల్లచార దగ్గర ఠక్కున విరిగింది.

చెన్నక్కకు ఏడుపొచ్చింది. మళ్ళీ కొండకు పోయి, రాతికి చెవి ఆనించి, "నా చెల్లెలి బిడ్డ కోసం అడుగుతున్నా. నీ సంగతేమిటో చెప్పు" అంది. రాయి చెప్పింది. రాళ్ళు మాట్లాడతాయా అని అడక్కు. మాట్లాడింది, అంతే.

"నేనూ ఒకప్పుడు ఏటి బురదనే. వరద పోటు మీదున్నప్పుడు ఇసుక, నెమ్మదించాక సన్న ఒండ్రు, ఒకదాని మీద ఒకటి పేరుకున్నాం. ఆ పొరలు అక్కడే గట్టిపడితే నువ్వు మొదట తీసిన రాయి అయింది. నేను అక్కడ ఆగలేదు, ఇంకా కిందికి దిగాను. నెత్తిన కొండ బరువు, అడుగున పొయ్యి. ఆ వేడికి నాలో తెల్లవన్నీ ఒకచోటికీ, నల్లవన్నీ ఒకచోటికీ చేరాయి. పైనుంచి బరువు నొక్కుతుంటే చారలు చారలుగా పడుకున్నాను. నల్లచారలో పట్టు తక్కువ. అడ్డంగా కోస్తే విరగనా మరి? నేను పడుకున్నట్టే పడుకోబెట్టు, మోస్తాను."

ఆ తర్వాత చెన్నక్క చారలు పొడుగునా బండ లోపల పరుచుకునేలా కోసింది. పైన చూస్తే ఒట్టి బూడిదరంగు. అందమంతా పక్క అంచుకు పోయింది. పోతే పోనీలే అనుకుంది. బండ వేశారో లేదో వాన మొదలైంది, గంగులమ్మకు నొప్పులూ మొదలయ్యాయి.

సాలమ్మ వంక దాకా వచ్చి ఆగిపోయింది. మనిషి కాస్త భారీ. "రెండు బండలు విరగడం నా కళ్ళతో చూశానే చెన్నక్కా. నేనెక్కను" అంది.

చెన్నక్క చీర ఎగ్గట్టి వంకలోకి దిగింది. నడుం దాకా నీళ్ళు. నేరుగా పోయి బండ కింద నిలబడింది. "ఇప్పుడు ఎక్కు పిన్నమ్మా. విరిగితే ముందు నా నెత్తి మీదే కదా పడేది" అంది.

సాలమ్మ ఎక్కింది. ఒక్కో అడుగూ చెన్నక్క నెత్తి మీదుగా పోయింది. కళ్ళెదుట అంచులో చారలు కదల్లేదు. సాలమ్మ అవతల గట్టు ఎక్కాకే చెన్నక్క నీళ్ళలోంచి బయటికొచ్చింది.

కాసేపటికి అవతల నుంచి పసిబిడ్డ ఏడుపు వినబడింది. చెన్నక్క తడి చీరతోనే ఆ బండ మీదుగా పరుగెత్తి పోయి బిడ్డను ఎత్తుకుంది. వంక పొంగుతూనే ఉంది. అక్కాచెల్లెళ్ళు దానివైపు తిరిగైనా చూడలేదు.

ఆ తర్వాత ఏటేటా వరద తీసినప్పుడల్లా బండ మీద సన్నగా ఒండ్రు మిగిలేది. "నీకూ చెల్లెలు పుడుతోందే" అని చెన్నక్క బండను ఆటపట్టించేది. ఇంక కళ్ళు మూసుకో.

వంక నీళ్ళు ఏటికి,
ఏటి ఒండ్రు రాతికి,
కథేమో కంచికి,
నువ్వేమో నిద్దరకి.