గోడ మీద ఇంగ్రిడ్

గవర్రాజు గారింట్లో అందరూ తెలివైన వాళ్ళే. ఈ సంగతి ఇంగ్రిడ్‌కి గుమ్మంలో అడుగు పెట్టగానే తెలిసింది. ఎలా తెలిసిందంటే, వాళ్ళే చెప్పారు.

"మా వంశంలో తెలివితక్కువ వాడు పుట్టలేదమ్మా," అన్నాడు గవర్రాజు.

"పుట్టినా మేం గుర్తుపట్టలేదు," అన్నాడు తమ్ముడు భద్రం.

"పెద్దలు చెప్పింది చెప్పినట్టు చేస్తాం. మా సొంతం ఒక్క ముక్క కలపం," అంది వాళ్ళమ్మ అప్పాయమ్మ.

గవర్రాజు భార్య నాగరత్నం మాత్రం ఏమీ అనలేదు. అందుకని ఆ ఇంట్లో అందరికంటే తెలివైనది ఆవిడేనని పేరు.

ఇంగ్రిడ్‌ది నార్వే. పదహారేళ్ళ పిల్ల. ఒక ఏడాది ఇక్కడి ఇంట్లో ఉండి, ఇక్కడి బడిలో చదువుకోడానికి వచ్చింది. వాళ్ళింట్లో అమ్మ రాత్రి పనికి వెళ్తుంది, నాన్న పగలు వెళ్తాడు. ఎవరి కంచం వాళ్ళు పెట్టుకుని, ఎవరి వేళకి వాళ్ళు తింటారు. బయల్దేరే ముందు ఆ పిల్ల చదివిన తెలుగు పుస్తకంలో మొదటి పాఠం ఇది: "భోజనానికి రామ్మా." ఆ మాటతో తనను ఎవరైనా పిలిస్తే వినాలని ఆ పిల్లకి కోరిక. అంత దూరం వచ్చింది సగం అందుకే.

పిల్లను తీసుకొచ్చిన, పక్కూరి బడిలో పనిచేసే హైమావతి టీచర్ గుమ్మంలో నిలబడే అందరికీ జాగ్రత్తలు చెప్పింది.

"ఈ పిల్ల వచ్చిందని మీరేమీ మార్చుకోవద్దండీ. ఈ పిల్ల లేనట్టే ఉండండి. అప్పుడే మన బతుకు ఎలా ఉంటుందో తెలుస్తుంది. నన్ను కూడా మీ ఇంటి మనిషినే అనుకోండి. నెలాఖరుకి వచ్చి చూస్తాను. ఇబ్బందిగా ఉంటే హాస్టల్‌కి మార్చేస్తాను."

తర్వాత ఇంగ్రిడ్‌తో అంది. "నువ్వేం చూసినా ఇది ఇక్కడి పద్ధతి అనుకో తల్లీ. ఎదురు ప్రశ్న వేయకు."

అంతే. టీచర్ గేటు దాటింది. ఇంగ్రిడ్ లేకుండా పోయింది.

ఆ రాత్రి నాలుగు కంచాలు పెట్టారు. నలుగురూ కూర్చున్నారు. ఇంగ్రిడ్ నిలబడి చూస్తోంది. నాగరత్నం కళ్ళు ఒత్తుకుంది.

"పిల్ల ఆకలితో ఉందండీ."

"ఏ పిల్ల?" అన్నాడు గవర్రాజు.

"ఇదిగో, ఈ పిల్ల."

"లేని పిల్లకి ఆకలేమిటే? మాటంటే మాటే. పప్పు ఇటు తోయి."

ఇంగ్రిడ్ వెళ్ళి కుర్చీలో కూర్చుంది. భోంచేసి వచ్చిన అప్పాయమ్మ సరాసరి ఆ పిల్ల ఒళ్ళో కూర్చుని తమలపాకులు నమిలింది. "కుర్చీ ఇవాళ మెత్తగా ఉందర్రా!" అని మురిసిపోయింది. ఇది ఇక్కడి పద్ధతి కాబోలని ఇంగ్రిడ్ కదలకుండా ఉంది.

మర్నాడు అందరూ కలిసి పెళ్ళికి వెళ్తూ, పిల్లను లోపలే ఉంచి తాళం వేశారు. లేని మనిషి కోసం తలుపు తీసి పెట్టుకునేంత బుద్ధిహీనులు కారు వాళ్ళు. ఇంగ్రిడ్ కిటికీ చువ్వల్లోంచి చెయ్యి చాచి, జామకొమ్మ వంచి, అందిన కాయనల్లా తింది.

మాట వినడం మంచి గుణమే. విన్న మాటను బుర్రలో ఒకసారి తిప్పుకోవడం అంతకంటే మంచి గుణం. ఆ ఇంట్లో మొదటి గుణం మాత్రం పుష్కలంగా ఉంది.

వారం తిరిగేసరికి పిల్ల చిక్కిపోయింది. నాగరత్నం ఉండబట్టలేక అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. అప్పాయమ్మ చాలాసేపు ఆలోచించింది. ఆ ఇంట్లో ఎవరైనా ఆలోచిస్తే ప్రమాదమే.

"లేని వాళ్ళకి అన్నం పెట్టకూడదని ఎవరన్నారే? మీ మావగారు లేరు. ఏటా పెట్టడం లేదూ?"

మిగతా ముగ్గురూ నోళ్ళు తెరిచారు. ఇంకేముంది! భద్రం పరుగున ఫోటో స్టూడియోకి వెళ్ళి, ఇంగ్రిడ్ బడి కార్డు మీది బొమ్మను పెద్దది చేయించి పటం కట్టించాడు. మావగారి పటం పక్కనే మేకు కొట్టారు. బంతిపూల దండ వేశారు. దీపం పెట్టారు.

"ఆయనకి ఏడాదికోసారి చాలు, వయసు మళ్ళిన మనిషి," అంది అప్పాయమ్మ. "ఎదిగే పిల్ల. దీనికి రోజూ పెట్టాలి."

గారెలు, పరమాన్నం విస్తట్లో వడ్డించి, దొడ్డిగోడ మీద పెట్టి, నలుగురూ అటు తిరిగి "కావ్, కావ్" అని పిలిచారు.

ఇంగ్రిడ్ బడి నుంచి వచ్చి పటం చూసింది. ఆ పిల్లకి కళ్ళు చెమర్చాయి. తనను ఇంటి పెద్ద పక్కన నిలబెట్టారు! ఏ దేశంలో చేస్తారు ఇంత గౌరవం? గబగబా వెళ్ళి విస్తరి ఖాళీ చేసింది. ఒక గారె మాత్రం కాకి తన్నుకుపోయింది.

"ముట్టిందండీ!" అని నాగరత్నం కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఆ రోజు నుంచి ఇంగ్రిడ్‌కి తిండి లోటు లేదు. పుస్తకం పాతదని, ఇప్పటి వాళ్ళు భోజనానికి "కావ్, కావ్" అనే పిలుస్తారని ఆ పిల్ల అర్థం చేసుకుంది. కాని ఆ పిలుపు తనతో పాటు కాకి కూడా అందుకుంటోంది. అదొక్కటే వెలితి.

నెలాఖరుకి హైమావతి టీచర్ వచ్చింది. గోడ చూసింది. గోడ పట్టుకుంది.

"ఇంగ్రిడ్... ఇంగ్రిడ్ ఏదండీ?"

"లేదండి," అన్నాడు గవర్రాజు.

"అయ్యయ్యో! ఎప్పట్నుంచి?"

"మీరు గేటు దాటినప్పట్నుంచీనండి."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింది మీరే కదండీ," అన్నాడు భద్రం.

టీచర్ కూలబడింది. నాగరత్నం ఆవిడ వీపు నిమిరింది. "బెంగపడకండి టీచరమ్మా. ఏ లోటూ చెయ్యడం లేదు. రోజూ పెడుతున్నాం. కాకి కూడా ముడుతోంది."

"వాళ్ళమ్మకి ఏ మొహంతో చెప్పను దేవుడా!" అని టీచర్ భోరుమంది. పక్కవాళ్ళు ఏడుస్తుంటే ఊరుకోవడం మర్యాద కాదని నలుగురూ ఏడుపు అందుకున్నారు.

అప్పుడే ఇంగ్రిడ్ బడిసంచీతో లోపలికొచ్చింది. పెద్దావిడ వేళకి వచ్చింది కదా, భోజనానికి పిలవాలనుకుంది.

"కావ్, కావ్, టీచర్," అంది వినయంగా.

టీచర్ పెట్టిన కేకకి వీధిలో కుక్కలు మొరిగాయి.

నీళ్ళు చల్లాక టీచర్ సంగతంతా రాబట్టింది. "బట్టలు సర్దుకో తల్లీ, హాస్టల్‌కి పోదాం," అంది.

ఇంగ్రిడ్ పటం కింద నిలబడి తల అడ్డంగా ఊపింది. "నేను ఇక్కడే ఉంటాను టీచర్. వీళ్ళు నా కోసం రోజూ ఏడుస్తారు. మా ఇంట్లో నా కోసం ఎవరూ ఏడవలేదు. నన్ను ఒక్కసారి పేరు పెట్టి భోజనానికి పిలిస్తే చాలు."

టీచర్ మనసు కరిగింది. వేలు చూపించి మరీ చెప్పింది. "వినండి! ఇకమీదట ఈ పిల్ల ఉన్నట్టే. మీకూ ఈ పిల్లకీ వెంట్రుకవాసి తేడా ఉండకూడదు. ఇంటి మనుషులందరూ ఒక్కలాగే ఉండాలి. రేపు మధ్యాహ్నం వస్తాను. తేడా కనబడిందా, పిల్లను తీసుకుపోతాను."

ఆవిడ వెళ్ళాక నలుగురూ గోడ వైపు చూశారు.

"తేడా కనబడుతోందన్నయ్యా," అన్నాడు భద్రం. "పిల్లకి దండ ఉంది. మనకి లేదు."

"పిల్లది తీసేస్తేనో?" అంది నాగరత్నం.

"వేసిన దండ తీయడం అరిష్టం," అంది అప్పాయమ్మ. "లేనివాళ్ళకి వేస్తే పోలా?"

అంతే.

మర్నాడు మధ్యాహ్నం హైమావతి టీచర్ వచ్చేసరికి వీధి వీధంతా గేటు ముందు ఉంది. ఒక్క రాత్రిలో ఇంటిల్లిపాదీ పోయారని ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటున్నారు. టీచర్ జనాన్ని తోసుకుంటూ లోపలికి పరిగెత్తింది.

గోడ మీద వరసగా గవర్రాజు, నాగరత్నం, భద్రం, అప్పాయమ్మ, ఇంగ్రిడ్. అందరికీ బంతిపూల దండలే. అందరి ముందూ దీపాలే. కింద విస్తళ్ళు వేసి ఉన్నాయి. ఎవరి పటం కింద వాళ్ళు కూర్చున్నారు. ఇంగ్రిడ్ చోటు మాత్రం ఖాళీగా ఉంది. ఆ పిల్ల కావాలనే గదిలో ఆగిపోయింది.

నాగరత్నం గొంతు సవరించుకుంది. "ఇంగ్రిడూ! భోజనానికి రామ్మా!"

ఇంగ్రిడ్ వచ్చి కూర్చుంది. ఇంకోసారి పిలవమని అడిగింది. నాగరత్నం మళ్ళీ పిలిచింది.

టీచర్ తిట్టడానికి ముందుకు వచ్చింది. అప్పుడు చూసింది ఆవిడ. చివర ఇంకో విస్తరి ఉంది. దాని పైన ఇంకో పటం. బడి వార్షికోత్సవంలో మైకు పట్టుకుని తను తీయించుకున్న ఫోటో. అందరికంటే లావుపాటి దండ.

"ఇంటి మనిషినే అనుకోమన్నావుగా తల్లీ," అంది అప్పాయమ్మ. "నీకొక్కదానికే వెయ్యకపోతే తేడా కాదూ?"

టీచర్ నోరు తెరిచింది. ఇంగ్రిడ్ ఆవిడ చెయ్యి పట్టి మెల్లగా కిందికి లాగింది.

"ఇది ఇక్కడి పద్ధతి టీచర్. ఎదురు ప్రశ్న వేయకూడదు. భోజనానికి రండి, కాకి వచ్చేస్తుంది."