అటక మీది దాహం

చిన్నగువ్వలపల్లిలో ఓబుళేసు అనే చీనీ (బత్తాయి) తోట రైతు ఉండేవాడు. ఎక్కడ ఏం పంచినా తనకే తక్కువ వచ్చిందనుకోవడం అతని జబ్బు. పెళ్లి భోజనానికి కూర్చుంటే తన విస్తరి కంటే పక్కవాడి విస్తరినే ఎక్కువసేపు చూసేవాడు. వాన పడితే, పెద్ద చినుకులన్నీ తన చేను దాటి పక్క చేలో పడ్డాయని చెప్పుకునేవాడు. అతని భార్య హనుమక్కకు ఇవన్నీ విని విని చెవులు కాయలు కాశాయి.

ఆమె ఆశలన్నీ ఆ తోట మీదే ఉండేవి. మూడు వందల ముప్పై చీనీ చెట్లు. మొక్కలుగా ఉన్నప్పుడు రెండు వేసవులు బోరు సరిగా ఆడలేదు. ఆమె బిందెలు చంకన పెట్టుకుని మోసి ఒక్కో పాదుకూ నీళ్లు పోసింది. చుట్టాల పిల్లల పేర్లు మరిచిపోయేది గానీ, ఏ సాలులో ఏ చెట్టు ఆలస్యంగా చిగురు వేసిందో అడిగితే ఠక్కున చెప్పేది. ఆరేళ్లకు, ఈ కథ జరిగిన సంవత్సరమే, చెట్లన్నీ మొదటిసారి నిండుగా కాపు పట్టాయి.

ఆ దిక్కున నీళ్లు దొరకడం గగనం. ఎనిమిది మంది రైతులకు ఎనిమిది బోర్లు ఉండేవి. ఐదు ఎండిపోయాయి. మిగిలిన మూడింటినీ కలిపి, నీళ్లు అందరూ వాడుకుందామని ఎనిమిది మందీ ఒప్పుకున్నారు. మొదట గడియారం చూసి వంతులు వేసుకున్నారు. ఓబుళేసు తన వంతుకు ఆలస్యంగా వచ్చినా, పక్కవాళ్ల వంతుకు మాత్రం ముందే వచ్చి మోటారు గది గట్టు మీద కూర్చునేవాడు. రెండు నిమిషాలు ఎక్కువ పారిందని వారానికి మూడు పంచాయితీలు పెట్టేవాడు. రైతుల సంఘానికి పెద్ద తిప్పన్న. అంతకుముందు చాలా నెమ్మదస్తుడని పేరున్న ఆయన, ఆ ఏడాదే మొదటిసారి బూతులు నేర్చుకున్నాడని చెప్పుకునేవారు.

చివరికి ఒక సంస్థ వాళ్లు వచ్చి తోటకో పెట్టె బిగించారు. సబ్బు పెట్టెంత ఉంటుంది. కింద రెండు పుల్లలు మట్టిలోకి దిగి తడి ఎంత ఉందో కనిపెడతాయి. బిగించడానికి రెహానా అనే అమ్మాయి వచ్చింది. ఆ పెట్టెకు వైరు, సిమ్ము, కరెంటు ఏమీ అక్కర్లేదని చెప్పింది. రోజంతా నిద్రపోతుందట. గంటకోసారి లేచి, తడి ఇంత ఉందని ఒక్క మాట చెప్పి మళ్లీ పడుకుంటుందట. అంత తక్కువ మాట్లాడుతుంది కాబట్టే చిన్న బ్యాటరీ సెల్లుతో ఐదేళ్లు బతుకుతుందట. ఇది విని ఊళ్లో అత్తలు కొందరు అలాంటి కోడళ్లు ఎక్కడ దొరుకుతారని రెహానాను చాటుగా అడిగారు.

"గొంతు చిన్నదే గానీ దూరం పోతుంది. నీళ్ల ట్యాంకు మీద యాంటెన్నా పెట్టాం. చుట్టూ ఐదారు కిలోమీటర్లలో ఎక్కడినుంచి పలికినా దానికి వినిపిస్తుంది" అంది రెహానా.

యాంటెన్నా విన్న మాట మోటారు గదికి చేరుతుంది. ఏ తోట ఎండితే ఆ తోట వాల్వు దానంతట అదే తెరుచుకుంటుంది. ఎవరి తోట సంగతి వాళ్లు ఫోనులో చూసుకోవచ్చు. తడిగా ఉంటే పచ్చ గుర్తు, ఎండితే ఎర్ర గుర్తు. పెట్టెను ఎవరూ కదిలించకూడదని ఎనిమిది మందీ బోరు నీళ్లు దోసిట్లో పట్టుకుని ఒట్టు వేశారు. ఏడుగురు ఆ పూట విన్నది, ఎండిన తోటకు నీళ్లు వస్తాయని. ఓబుళేసు విన్నది, ఎక్కడినుంచి పలికినా వినిపిస్తుందని.

నెల రోజులు అంతా బాగానే నడిచింది. అయితే పక్క తోట బయన్నది ఇసుక నేల. తొందరగా ఆరిపోతుంది కాబట్టి అతని వాల్వు రోజు విడిచి రోజు తెరుచుకునేది. ఓబుళేసుది జిగట నేల. వారానికి రెండుసార్లు తడిస్తే చాలు. ఈ లెక్క హనుమక్క అతనికి నాలుగు రకాలుగా చెప్పి చూసింది. అతను వినలేదు.

"వాడి వాల్వు నాలుగుసార్లు, నాది రెండుసార్లా? మిషను కూడా వాడి పక్షమే" అన్నాడు.

ఒకనాడు మధ్యాహ్నం, ఊరంతా ఎండకు తలుపులు వేసుకున్న వేళ, ఓబుళేసు తోటకు వెళ్లి పెట్టె పీకేశాడు. దాని పక్కన గుర్తుకు పాతిన కర్రకు ఒక ఎరువుల సంచి తొడిగి, పెట్టెకు ఎండ తగలకుండా కప్పానని అడిగినవాళ్లకు చెప్పాడు. పెట్టెను ఇంటికి తెచ్చి, పగిలిన కుండలో ఎండుమట్టి నింపి, అందులో గుచ్చి అటక మీద పెట్టాడు. పొయ్యి సెగంతా ఆ అటకకే తగిలేది. మరుసటి రోజునుంచి ఓబుళేసు ఫోనులో ఎర్ర గుర్తు తప్ప ఇంకో రంగు లేదు. అతని తోటకు రోజూ నీళ్లు పారాయి. బయన్న తోటకు మిగిలితే వచ్చాయి, లేకపోతే లేదు.

హనుమక్క దించేయమని గొడవ పెట్టుకుంది. అతను నిచ్చెన తీసుకెళ్లి వేరేవాళ్ల ఇంట్లో పెట్టి వచ్చాడు. ఆమె వెళ్లి తిప్పన్నకు చెప్పేదే, గడప దాకా వెళ్లింది కూడా. ఇంటి పరువు బజారున పడుతుందని మళ్లీ వెనక్కి వచ్చి, ఆ కోపమంతా అంట్ల గిన్నెల మీద చూపింది. ఆ నెల వాళ్లింట్లో సొట్టపడని గిన్నె లేదు.

తోటకు వెళితే పెట్టె సంగతి ఎవరైనా అడుగుతారని ఓబుళేసు అటు పోవడమే తగ్గించాడు. అరుగు మీద కూర్చుని ఫోను చూసుకునేవాడు. తోటకు వెళ్లేది హనుమక్క ఒక్కతే. రెండో నెలకు ఆకులు పసుపు పచ్చబడ్డాయి. మొదళ్లలో బంక కారింది. నిమ్మకాయంత కాయలు రాలి బురదలో పడ్డాయి. ఆమె రాలిన కాయలు కొంగులో వేసుకొచ్చి అతని ముందు పోసింది.

"చెట్ల కాళ్లు నీళ్లలో నానిపోతున్నాయి. వేర్లు కుళ్లుతాయి. ఆ పెట్టె దించయ్యా" అంది.

ఓబుళేసు కాయలు చూశాడు. తరువాత ఫోను చూశాడు.

"నీళ్లు చాలకే రాలాయి. చూడు, ఎర్రగా ఉంది" అన్నాడు.

హనుమక్క కాసేపు అతని మొహంలోకే చూసింది. వేళాకోళం ఆడుతున్నాడేమోనని. అలాంటిదేమీ కనబడలేదు.

"ఆ పెట్టె మన అటక మీద ఉంది" అంది మెల్లగా, చంటిపిల్లకు చెప్పినట్టు.

"అటక మీదుంటే మాత్రం? అంత చదువుకున్నవాళ్లు చేసిన పెట్టె అబద్ధం చెబుతుందా?"

అదీ సంగతి. రెండు నెలలు రోజూ ఎర్ర గుర్తు చూసి చూసి, ఆ కుండను అక్కడ పెట్టింది తానేనన్న మాట అతని బుర్రలో ఏ మూలకో పోయింది. తోట ఎండిపోతోందన్నది మాత్రం మిగిలింది. హనుమక్క తల గోడకు ఆనించి కళ్లు మూసుకుంది. ఓబుళేసు మాత్రం చెప్పులు వేసుకుని మోటారు గదికి బయలుదేరాడు.

అక్కడ అందరినీ పిలిపించి పంచాయితీ పెట్టాడు. రోజూ తన వాల్వు తెరుచుకుంటోంది, అయినా తోట ఎండుతోంది, మిషనే సాక్ష్యం, కాబట్టి దారిలో ఎవరో పైపుకు చిల్లు పెట్టి నీళ్లు లాగుతున్నారు, అన్నాడు. ఎవరని అడిగితే బయన్న వైపు చూశాడు.

అప్పటికే బయన్న తోటలో కాయలు ముడతలు పడి ఎండుతున్నాయి. అతను చిన్నప్పటినుంచి ఒకరితో గట్టిగా మాట్లాడిన మనిషి కాదు.

"తవ్వి చూద్దాం పదన్నా. చిల్లుంటే నా తోట నీకే రాసిస్తా" అన్నాడు.

మే నెల ఎండలో ఎనిమిది మందీ రెండు రోజులు పైపు వెంట తవ్వారు. చిల్లు లేదు. కనీసం చెమ్మ కూడా లేదు. తిప్పన్న అరచేతులు బొబ్బలెక్కాయి. నేర్చుకున్న బూతులన్నీ మొదటి రోజే ఖర్చయిపోవడంతో రెండో రోజు మౌనంగా తవ్వాడు. పెట్టెలో ఏదైనా లోపముందేమో చూడమని రెహానాను కూడా పిలిపించారు. తవ్వుకుంటూ తవ్వుకుంటూ అందరూ ఓబుళేసు తోట గట్టు దాటారు.

దాటిన మొదటి అడుగులోనే తిప్పన్న చెప్పు బురదలో దిగబడి, కాలు ఒక్కటే పైకి వచ్చింది. ఆయన చెప్పు వైపు చూశాడు. ఓబుళేసు వైపు చూశాడు.

రెహానా కర్ర దగ్గరకు వెళ్లి ఎరువుల సంచి ఎత్తింది. సంచి కింద కర్ర ఒక్కటే ఉంది. సరిగ్గా అప్పుడే ఆమె ఫోనులో ఓబుళేసు తోట గుర్తు ఎర్రగా వెలిగింది.

"మామా, ఇక్కడ పెట్టె లేదు. మాట మాత్రం వస్తోంది" అంది రెహానా తిప్పన్నతో.

చీలమండ దాకా బురదలో నిలబడిన ఓబుళేసు మెడ చాచి ఆ ఫోనులోకి చూశాడు.

"చూశారా, ఇప్పుడు కూడా ఎండిపోయిందనే చెబుతోంది" అన్నాడు. "ఈ బయన్న మోసం మిషనుకు తెలుసు, మీకే తెలియదు."

అక్కడే చెట్ల మధ్య ఉండి ఇదంతా విన్న హనుమక్క నేరుగా ఇంటికి వెళ్లింది. అప్పటిదాకా పరువని పళ్ల బిగువున ఓర్చుకుంది గానీ, తన ఇంటి అబద్ధానికి పక్క తోటవాడు దొంగ కావడం ఆమెకు మింగుడు పడలేదు. తాను నోరు మూసుకుని కూర్చోవడం వల్లే కదా ఇంతదాకా వచ్చిందని దారి పొడుగునా తనను తానే తిట్టుకుంది. నిచ్చెన ఎవరింట్లో ఉందో వెతకలేదు. రోలు మీద పీట, పీట మీద బియ్యం డబ్బా వేసి అటక ఎక్కింది. పగిలిన కుండ నెత్తిన పెట్టుకుని, మిట్ట మధ్యాహ్నం ఊరి నడి వీధిలోంచి తోటకు నడిచింది. చూడవలసినవాళ్లంతా చూశారు.

కుండను తెచ్చి బయన్న కాళ్ల ముందు దించింది.

"ఇదీ మా తోట. రెండు నెలలుగా దాహం వేస్తోంది దీనికి. దీనికోసమే నీ తోట ఎండబెట్టాం తమ్ముడూ. నాకు తెలిసి కూడా చెప్పలేదు" అంది.

హనుమక్క దగ్గర్లో ఉన్న చెట్టు మొదట్లో కూర్చుని చేత్తో మట్టి తోడింది. వేరు పట్టుకుని లాగితే బెరడు చేతికే ఊడి వచ్చింది. లోపల నల్లగా కుళ్లి వాసన కొట్టింది. ఆమె పక్క చెట్టు దగ్గరకు వెళ్లింది. తరువాత దాని పక్క చెట్టు దగ్గరకు. మూడో సాలు మధ్యలో ఆగి, మట్టి చేతులతోనే కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

రెహానా పెట్టెను కుండలోంచి తీసి, తోట మట్టిలో గుచ్చింది. కాసేపటికి ఫోనులో పచ్చ గుర్తు పడింది. అటు మోటారు గదిలో ఓబుళేసు వాల్వు మూసుకుంది, బయన్న వాల్వు తెరుచుకుంది.

ఏ శిక్ష వేద్దామని సంఘంలో కొంతసేపు మాట్లాడుకున్నారు. తిప్పన్న, కొత్తగా శిక్ష వేయడానికి ఆ మనిషి దగ్గర ఏదీ మిగల్లేదు పోనీయండి, అన్నాడు. బయన్నకు సగం కాపు దక్కింది. ఓబుళేసు తోటలో వానలు మొదలయ్యేలోగా రెండు వందల చెట్లు ఎండిపోయాయి. వాటిని కొట్టించిన రోజు అతను గట్టు మీద కూర్చుని, ఇలా అవుతుందని తనకు ఒక్కరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదని వాపోయాడు. హనుమక్క ఆ మాట వింది. మిగిలిన చెట్లకు పాదులు సరిచేయడానికి పార తీసుకుని అవతలి సాలుకు వెళ్లిపోయింది.

పదిమందిని నమ్మించడానికి అబద్ధం పుట్టించినవాడు చివరకు దాన్ని తానే నమ్మి, అందరికంటే ఎక్కువ తానే నష్టపోతాడు; అది అబద్ధమని తెలిసీ పరువు కోసం నోరు మూసుకున్నవారికీ ఆ నష్టం తప్పదు.