చెయ్యి అందని పాట

కాజీపేట రైల్వే కాలనీ బడిలో ఏలీయా అని ఒక బ్యాండు మాస్టారు ఉండేవాడు; ఆయనకు సంగీతం ఎంత బాగా వచ్చేదో, నలుగురి చేత ఆహా అనిపించుకోవాలనే యావ కూడా అంతే బాగా ఉండేది.

వయసులో ఉండగా ఆయన సికింద్రాబాదు క్లబ్బుల్లో ట్రంపెట్ ఊదేవాడు. జాజ్ సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు. బడిలో చేరిన ఏడాదే స్టోరు గదిలో దుమ్ము పట్టి పడి ఉన్న పాత బూరలన్నీ బయటికి తీయించాడు. చింతపండు పెట్టి తోమించాడు. పద్దెనిమిది మంది పిల్లల్ని పోగేసి జాజ్ బ్యాండు పెట్టాడు. అది మెచ్చుకోవలసిన పనే. ఆయన మంచివాడు కాదని నేను అనడం లేదు. మంచివాళ్లకే ఇలాంటి యావలు పట్టుకుంటాయి, అదే వచ్చిన చిక్కు.

ఆ పద్దెనిమిది మందిలో కెజియా ఒకతె. ఎనిమిదో తరగతి చదివేది. పీలగా, పొట్టిగా ఉండేది. అన్నిటికంటే పొడుగాటి వాయిద్యం ఏరికోరి ఆ పిల్లకే దొరికింది. దాన్ని ట్రాంబోన్ అంటారు. మిగతా బూరలకు మీటలుంటాయి, దీనికి జారుడు గొట్టం ఉంటుంది. గొట్టాన్ని ముందుకు తోస్తే స్వరం కిందికి దిగుతుంది, వెనక్కి లాగితే పైకి వెళుతుంది.

కెజియా వాళ్లమ్మ రూతమ్మ రైలు గేటు దగ్గర ఉద్యోగం చేసేది. తండ్రి లేడు. శనివారాలు బూర ఇంటికి తీసుకెళ్లనిచ్చేవారు కాబట్టి, కెజియా గేటు గది పక్కన రాయి మీద కూర్చుని ఊదుకునేది. రూతమ్మ ఒక చేత్తో జెండా పట్టుకుని ఇటే వింటూ ఉండేది.

"రైలు కూత కన్న నీ బూర కూతనే మంచిగుంటది బిడ్డా" అనేది. కెజియా సిగ్గుపడి ఇంకాస్త గట్టిగా ఊదేది.

ఇలా ఉండగా, డిసెంబరులో రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో వార్షికోత్సవమనీ, బడి బ్యాండు ఒక పాట వాయించాలనీ కబురొచ్చింది. డివిజన్ పెద్దలంతా వస్తారట. మాస్టారి కాళ్లు నేల మీద నిలవలేదు. ఆ వారమే ఒక పాట కాగితాలు తెప్పించాడు. గుర్రపు పరుగు లాంటి స్వింగ్ పాట అది. ట్రంపెట్ వాళ్లకు ఆకాశమంత ఎత్తు స్వరాలు, ట్రాంబోన్ వాళ్లకు పాతాళమంత లోతు స్వరాలు.

బ్యాండుకు పియానో వాయించడానికి గ్రేసీ ఆంటీ అని డెబ్బై ఏళ్ల పెద్దావిడ వచ్చేది. ఆవిడ కాగితాలు తిరగేసి కళ్లద్దాలు తీసేసింది.

"ఏలీయా, పిల్లలు బూర పట్టి ఏడాదిన్నరే కదా. ఒక బ్లూస్ ఇవ్వరాదూ? పన్నెండు తాళపు గళ్లలో తిరిగే పాట, నెమ్మదిగా నడుస్తుంది. ఒకరు అడుగుతారు, ఇంకొకరు జవాబు చెబుతారు. అందరికీ చోటుంటుంది" అన్నది.

"బ్లూస్ అంటే దిగులు పాట కదా ఆంటీ. పండగ పూట దిగులేమిటి? ఏలీయా పిల్లల చేత జోలపాట వాయించాడని నవ్వుతారు" అన్నాడు మాస్టారు.

"మనం ఎవరి పేరు కోసం వాయిస్తున్నాం?"

"బడి పేరు కోసం" అన్నాడు మాస్టారు. అది నిజం కాదని ఆయనకూ తెలుసు, ఆవిడకూ తెలుసు. ఆవిడ మళ్లీ కళ్లద్దాలు పెట్టుకుంది.

సాధన మొదలైంది. ఆ పాటలో ప్రతి వరుస చివరా ఒక లోతు స్వరం ఉండేది. దానికోసం ట్రాంబోన్ గొట్టాన్ని చిట్టచివరిదాకా, అంటే ఏడో చోటుదాకా తోయాలి. కెజియా చెయ్యి ఆరో చోటుకే అయిపోయేది. భుజం ముందుకు పెట్టి చూసింది. మెడ పక్కకు వంచి చూసింది. ఒక రోజు మొండిగా విసురుగా తోసేసరికి గొట్టం ఊడి వెళ్లి గచ్చు మీద ఖణేలుమని పడింది. పిల్లలు గొల్లుమన్నారు. కెజియా గొట్టం ఏరుకుని, సొట్ట పడిందేమోనని తడిమి చూసుకుంది.

మాస్టారు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. దగ్గరికి పిలిచి మెల్లగా చెప్పాడు.

"పరవాలేదమ్మా. నువ్వు ఊదకు. నోటికి ఆనించుకుని, అందరితో పాటు చెయ్యి ఆడిస్తూ ఉండు. ఎవరికీ తెలీదు."

"అస్సలు ఊదొద్దా సార్?"

"ఈ ఒక్క పాటకే."

"ఇంకో పాట ఉందా సార్?"

"లేదు" అన్నాడు మాస్టారు, కాగితాలు సర్దుకుంటూ.

ఇలాంటి పనులు ఒకరితో ఆగవు. వారం తిరిగేసరికి మరో ఇద్దరికి అదే మాట చెప్పాడు. నెల తిరిగేసరికి ఎనిమిది మంది అయ్యారు. పద్దెనిమిది మంది బ్యాండులో నిజంగా వాయించేవాళ్లు పది మందే మిగిలారు. వాళ్లలో తొమ్మిది మంది రిజ్వాన్ అనే కుర్రాడి ట్రంపెట్‌ను పట్టుకుని వేలాడుతూ ఉండేవాళ్లు. వాడికి మాత్రమే ఆ ఎత్తు స్వరాలు పలికేవి, అదీ పెదవులు వాచేదాకా ఊదితే.

రూతమ్మకు ఇవేమీ తెలియవు. వార్షికోత్సవం రోజుకు తోటి గేటు కీపర్‌ను బతిమాలి డ్యూటీ మార్చుకుంది. "ఏదీ, నీ పాట జరంత వినిపియ్యి" అని కూతుర్ని అడిగింది.

"అందరం కలిసి ఊదితేనే బాగుంటదమ్మా" అన్నది కెజియా, తల ఎత్తకుండా. ఆ పిల్ల తల్లితో ఆడిన మొదటి అబద్ధం అది. పాపం, అది కూడా ఆమెది కాదు, మాస్టారు ఆమె నోట్లో పెట్టినది.

ఆ రోజు రానే వచ్చింది. సాయంత్రం నాలుగింటికి హాలు నిండిపోయింది. మాస్టారు కొత్త కోటు వేసుకుని వేదిక ఎక్కాడు. పాట మొదలైంది. మొదటి పేజీ బ్రహ్మాండంగా పోయింది. ముందు వరుసలో పెద్దలు తలలూపారు. కెజియా నేల చూపులు చూస్తూ గొట్టాన్ని ముందుకూ వెనక్కూ జరుపుతూ ఉంది.

రెండో పేజీ మధ్యలో రిజ్వాన్ పెదవులు లొంగిపోయాయి. మాస్టారు చెప్పాడని వాడు పొద్దుటి నుంచి అదే పాట పదిసార్లు ఊది ఉన్నాడు మరి. ట్రంపెట్‌లో నుంచి గాలి మాత్రమే వచ్చింది. వాడు ఆగేసరికి మిగతావాళ్లు ఒక్కొక్కరే తడబడి ఆగిపోయారు. చివరికి డ్రమ్మూ, పియానో కూడా ఆగాయి. హాల్లో చప్పుడు లేదు.

కానీ ఎనిమిది మంది పిల్లలు వాయిస్తూనే ఉన్నారు. ఏం జరిగినా ఆపొద్దని మాస్టారు గట్టిగా చెప్పాడు వాళ్లకు. వేళ్లు మీటల మీద ఆడుతున్నాయి, బుగ్గలు ఉబ్బుతున్నాయి, శబ్దం మాత్రం లేదు. కెజియా చెయ్యి ఆ నిశ్శబ్దంలో ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ ముందుకు పోయింది. వెనక నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అంతే, సగం హాలు నవ్వింది.

రూతమ్మ నవ్వలేదు. లేచి నిలబడింది. కెజియా తల ఎత్తి తల్లిని చూసింది. ట్రాంబోన్‌ను కుర్చీలో పెట్టి వేదిక దిగి వెళ్లిపోయింది.

మాస్టారి ముఖం కందగడ్డ అయింది. మైకు అందుకుని, "క్షమించాలి. పిల్లలు సరిగ్గా సాధన చెయ్యలేదు" అన్నాడు. ముందు వరుస పెద్దలు పాపం అన్నట్టు చూశారు. గ్రేసీ ఆంటీ పియానో మూత వేసి ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు సాధనకు ఏడుగురే వచ్చారు. కెజియా రాలేదు. రిజ్వాన్ వచ్చాడు కానీ పెదవి మీద పుండుతో వచ్చాడు. మాస్టారు ఆ పుండు చూశాడు, ఖాళీ కుర్చీలు చూశాడు. సాధన మానిపించి, సైకిలెక్కి తిన్నగా రైలు గేటుకు వెళ్లాడు.

గేటు వేసి ఉంది. గూడ్సు బండి వెళుతోంది. అది ఎంతకీ తరగని బండి. అంతసేపూ రూతమ్మ జెండా పట్టుకుని నిలబడి ఉంది, మాస్టారు సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. బండి పోయాక ఆమె గేటు తీసి, స్టూలు తెచ్చి వేసింది.

"కూసోండి సార్" అన్నది. "పాట ఆగినందుకు నేనేం అనుకోలే. ఇంత పెద్ద రైళ్లే నడుమల ఆగుతయి, పిల్లల పాట ఆగితే ఏంది? కానీ నా బిడ్డ ఊదనే లేదు గద సార్. ఉత్తగ చెయ్యి ఊపింది. నెల దినాలు నా ముంగట మొఖం దాసుకున్నది. దానికి చాతగాకపోతే ఇంటికి పంపియ్యాలె. అబద్ధం నేర్పియ్యొద్దు సార్."

మాస్టారు సైకిలుకు స్టాండు వేశాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. స్టూలు మీద కూర్చోకుండానే, "తప్పు నాదమ్మా. సాధన చెయ్యలేదని అందరి ముందూ అన్నది కూడా అబద్ధమే" అన్నాడు.

కెజియా గది గుమ్మంలో నిలబడి వింటోంది. మాస్టారు ఆమె వైపు తిరిగాడు.

"నీ చెయ్యి ఎందాకా అందుతుందమ్మా?"

"ఆరో చోటు దాకా సార్."

"అయితే నీ పాట ఆరో చోటు దాటదు. నేను రాసి తెస్తాను" అన్నాడు.

అన్నట్టే చేశాడు. పద్దెనిమిది ఇళ్లకూ తిరిగి పిల్లల్ని పిలుచుకొచ్చాడు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టుకుని, "నీకు ఏ స్వరాలు హాయిగా పలుకుతాయి?" అని అడిగి నోటుబుక్కులో రాసుకున్నాడు. కొందరికి ఎనిమిది స్వరాలు పలికేవి, ఒకడికి నాలుగే పలికేవి. ఆ స్వరాలతోనే ఒక నెమ్మది బ్లూస్ కట్టాడు. నాలుగు స్వరాలవాడికి ఆ నాలుగే వచ్చేట్టు చూశాడు. గ్రేసీ ఆంటీ ఇంటికి వెళ్లి, ఆవిడ పెట్టిన చీవాట్లన్నీ తిని, ఆవిడనూ తీసుకొచ్చాడు.

పాట తేలికే కానీ అది వెంటనే పలకలేదు. మొదటిసారి వాయిస్తే అచ్చం జెండా పండగ కవాతులాగా వచ్చింది. లెఫ్ట్, రైట్, లెఫ్ట్, రైట్. డ్రమ్ము కుర్రాడైతే కాళ్లు కూడా కదిపాడు.

గ్రేసీ ఆంటీ నవ్వింది. "కాగితం మీద రెండు స్వరాలూ సమానంగా కనిపిస్తాయి బాబూ. వాయించేటప్పుడు మాత్రం మొదటిది సాగాలి, రెండోది పొట్టిగా ఉండాలి. అప్పుడే ఊగుతుంది. స్వింగ్ అంటే అదే" అన్నది.

పిల్లలకు బోధపడలేదు. కెజియా కాసేపు ఆలోచించి, "గురువు, లఘువు లాగానా ఆంటీ?" అని అడిగింది.

గ్రేసీ ఆంటీకి ఆ ముక్క తెలియదు. మాస్టారికీ చదువుకున్న రోజులతో పాటే పోయింది. కెజియా బోర్డు దగ్గరికి వెళ్లి 'ఆకు' అని రాసింది. 'ఆ' మీద గురువు గుర్తు పెట్టింది, 'కు' మీద లఘువు గుర్తు పెట్టింది. "మా తెలుగు టీచరు చెప్పింది సార్. ఆ అనేది సాగుతుంది, కు అనేది చటుక్కున అయిపోతుంది. ఆకు ఆకు ఆకు ఆకు" అని చదివింది.

పద్దెనిమిది మందీ ఆకు ఆకు అంటూ అందుకున్నారు. గది ఊగిపోయింది. పిల్లలు కాగితాల మీద ప్రతి జంట స్వరాలకూ గురులఘువులు పెట్టుకున్నారు. మళ్లీ బూరలు ఎత్తితే పాట ఉయ్యాలెక్కినట్టు వచ్చింది.

"చూశారా సార్, గురువు ఒక్కడే ఉంటే ఊగదు, పక్కన లఘువు ఉండాలి" అన్నాడు రిజ్వాన్. వాడు పాట గురించే అన్నాడు. మాస్టారు మాత్రం ఆ మాటను తన నోటుబుక్కులో రాసుకున్నాడు.

జనవరిలో ఒక ఆదివారం పొద్దున బడి ఆవరణలో తల్లిదండ్రులందరినీ పిలిచారు. డివిజన్ ఆఫీసు నుంచి కూడా ఒక పెద్దాయన వచ్చాడు. మాస్టారు కోటు వేసుకోలేదు. ముందు మైకు పట్టుకుని, "ఆ రోజు పిల్లలు సాధన చెయ్యలేదని చెప్పాను. అది అబద్ధం. వాళ్లకు అందని పాట నేను తెచ్చాను. ఊదొద్దని ఎనిమిది మంది నోళ్లు నేనే మూయించాను" అన్నాడు. తరువాత వెళ్లి పిల్లలకు ఎదురుగా కాక, ఓ పక్కన నిలబడ్డాడు.

పాట నెమ్మదిగా నడిచింది. ట్రంపెట్లు ఒక మాట అడిగాయి. జవాబు చెప్పడానికి కెజియా లేచి నిలబడింది. ఆమె వంతుకు మూడే స్వరాలు. మొదటిది వణికింది. రెండోది నిలబడింది. మూడోది ఆవరణ దాటి రోడ్డు మీదికి వినిపించింది. రూతమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఎవరు చూసినా ఆమె లెక్కచెయ్యలేదు.

పాట అయ్యాక పెద్దాయన మాస్టారి దగ్గరికి వచ్చి, "బాగుందయ్యా. కానీ మరీ తేలిక పాటలా ఉందే?" అన్నాడు.

"అవునండీ, చాలా తేలిక పాట. పద్దెనిమిది మందీ వాయించారు" అన్నాడు ఏలీయా మాస్టారు.

అవతల కెజియా బూర చంకన పెట్టుకుని తల్లి దగ్గరికి పరుగెత్తింది. "వినబడ్డదా అమ్మా?" అని అడిగింది.

"వినబడ్డది బిడ్డా" అన్నది రూతమ్మ. "నువ్వే ఊదినవు."

తన గొప్ప కోసం పిల్లలకు అందని పాట ఎంచుకునేవాడు వాళ్ల గొంతు నొక్కేస్తాడు. వాళ్ల చెయ్యి ఎందాకా అందుతుందో చూసి, అక్కడి నుంచి పాట మొదలుపెట్టేవాడే గురువు.