నూకరాజు జయించిన రుచి

"గురువుగారూ, రుచిని జయించానండి. ఆ తరువాతి మెట్టు ఏదో సెలవివ్వండి" అని నూకరాజు అడిగాడు.

ఒంటరిగా ఉన్నప్పుడు అడగవలసిన ప్రశ్న అది. కాని జయించిన సంగతి నలుగురికీ తెలియకపోతే జయించి ఏం లాభం? అందుకని గురువారం పూట పేరయ్యగారి అరుగు మీద శిష్యులందరూ చేరేదాకా ఆగి మరీ అడిగాడు. పేరయ్యగారు పెద్దాపురంలో బడిపంతులుగా పనిచేసి విరమించినవారు. కాషాయం కట్టలేదు, ఆశ్రమం పెట్టలేదు. భార్య మాణిక్యమ్మతో సొంత ఇంట్లో ఉంటూ, వచ్చినవారికి తనకు తెలిసినది చెబుతారు. ఆయనకు ఒక అలవాటు ఉంది. ఎవరేమడిగినా అడిగిన రోజున జవాబు చెప్పరు. చెప్పిన రోజున కూడా అది జవాబని చాలామందికి తెలియదు.

"జయించినట్టు ఎలా తెలిసింది నాయనా?" అన్నారాయన.

"మా ఇంట్లో వేపుడు ఒక్కోరోజు ఉప్పు కషాయమండి. ఇంకొకడైతే కంచం విసిరికొడతాడు. నేను పెదవి విప్పకుండా తినేస్తాను. లోపల కూడా ఏమీ అనిపించదండి."

శిష్యులు తలలూపారు. వారిలో పెద్దవాడైన సింహాద్రి ఏకంగా చేతులు జోడించాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అని ఊరికే అనలేదు. పేరయ్యగారు మాత్రం నూకరాజును లోపలి గదిలోకి తీసుకెళ్ళి ఆ వేపుడు సంగతి ఇంకాస్త అడిగారు. బయటికి వచ్చేటప్పటికి ఆయన ముఖం గంటు పెట్టుకుని ఉన్నారు. "వచ్చే గురువారం మీ ఆవిడను తీసుకురా. ఆ రోజు పంక్తిలో బంగాళాదుంప వేపుడు ఆమె చేతి వంటే" అన్నారు.

ఈ కబురు విని నూకరాజు భార్య చంద్రకాంతం గుండెల్లో రాయి పడింది. ఒకప్పుడు ఆమె చేతి వేపుడంటే వీధి వీధంతా చెప్పుకునేవారు. పెళ్ళయి వచ్చిన కొత్తలో చుట్టాలు భోజనానికి వచ్చి, "రాఘవమ్మా, నీ కోడలి చేతి వంట తిన్నాక తెలిసిందే, ఇన్నేళ్ళూ నువ్వు మాకు ఏం పెట్టావో!" అని అత్తగారిని ఆటపట్టించారు. అందరూ నవ్వారు. రాఘవమ్మ కూడా నవ్వింది. ఆ తరువాతే వేపుడులో ఉప్పు ఎక్కువవడం మొదలైంది. రోజూ కాదు. నలుగురూ భోజనానికి వచ్చిన రోజునే అయ్యేది.

ఆ ఇంటికి ఒక ఆచారం ఉంది. దేవుడి గూటి ముందు పెట్టందే పొయ్యి మీది పదార్థం ఎవరూ రుచి చూడరు, వండిన మనిషి అసలే చూడకూడదు. వండటం కోడలి పని. గిన్నె దేవుడి దగ్గరికి పట్టుకెళ్ళడం అత్తగారి హక్కు. అక్కడినుంచి గిన్నె తిన్నగా విస్తళ్ళలోకి వెళ్ళేది. అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అన్న సామెత పుట్టింది ఇటువంటి ఇళ్ళలోనే కాబోలు. రాఘవమ్మ కాలంలో వంట ఎన్నిసార్లు తగలడిందో ఎవరికీ గుర్తు లేదు. చంద్రకాంతం చెయ్యి ఉప్పు చెయ్యి అన్న పేరు మాత్రం ఊళ్ళో స్థిరపడిపోయింది.

పేరు పోతే పోయింది, మనశ్శాంతి కూడా పోయింది. ఒకసారి భయం కొద్దీ ఆమె వేపుడులో ఉప్పు అసలు వెయ్యనే లేదు. తీరా వడ్డించాక తింటే ఉప్పుగానే ఉంది. "నేను వెయ్యలేదు కదా!" అని పైకే అనేసింది. "విన్నారా? వేసిన సంగతి కూడా గుర్తుండటం లేదు పిల్లకి" అని రాఘవమ్మ చుట్టాల ముందు పమిట చెంగుతో కళ్ళొత్తుకుంది. అప్పటినుంచి చంద్రకాంతానికి తన మీద తనకే నమ్మకం పోయింది. తలుపు గడియ పెట్టానా లేదా, దీపం కొండెక్కించానా లేదా అని ఇల్లంతా తిరిగి చూసుకునేది. అత్తగారు పట్టుపట్టి ఆమెను కాకినాడలో డాక్టరు దగ్గరికి పంపించింది. డాక్టరు ఇంట్లోవాళ్ళు చెప్పింది విని మాత్రలు రాశాడు. అవి వేసుకుంటే పగలల్లా కళ్ళు మూతలు పడేవి. భర్త ఒక్క మాట అనేవాడు కాదు. ఆ ఒక్కటే ఆమెకు ఊరటగా ఉండేది. ఎంత ఉప్పు కూడు పెట్టినా కిమ్మనకుండా తినే బంగారం లాంటి మనిషి అనుకునేది పిచ్చితల్లి.

గురువారం వచ్చింది. మాణిక్యమ్మ పొయ్యి చూపించి, విస్తళ్ళు కుట్టుకోవడానికి హాల్లోకి వెళ్ళింది. ఈ ఇంట్లో కూడా గురువుగారు మొదటి ముద్ద తీసుకునేదాకా ఎవరూ రుచి చూడరు. ఆ పైన ఇంకో కట్టుబాటు ఉంది. పంక్తిలో కూర్చున్నవారు పదార్థానికి వంక పెట్టకూడదు, మాట్లాడకూడదు. చంద్రకాంతం ఆ రోజు పొద్దున మాత్ర వేసుకోలేదు. వేసుకుంటే చెయ్యి ఎక్కడ తడబడుతుందోనని భయం.

దుంపలు మరీ మెత్తబడకుండా ఉడికించి, ఆరనిచ్చి, తొక్క తీసి, ఒకే తీరుగా ముక్కలు తరిగింది. ధనియాలు, శనగపప్పు, మినపప్పు, ఎండుమిర్చి దోరగా వేయించి, ఎండుకొబ్బరి చేర్చి రోట్లో కచ్చాపచ్చాగా దంచి కూరపొడి చేసింది. మూకుట్లో నూనె కాగాక ఆవాలు, జీలకర్ర, గుప్పెడు కరివేపాకు వేసింది. కరివేపాకు చిటపటలాడిన వాసనకు అరుగు మీద వేదాంతం కాసేపు ఆగిపోయింది. ముక్కలు వేసి, పసుపు చల్లి, అట్లకాడ పెట్టి పొడవకుండా మూకుడు చెవులు గుడ్డతో పట్టుకుని ఎగరేస్తూ వేయించింది. ఉప్పు ముందే వేస్తే ముక్క నీరు కక్కి మెత్తబడుతుంది. అందుకని అంచులు ఎర్రబడ్డాకనే కూరపొడితో పాటు వేసింది. వేస్తూ, "వేశాను, ఒక్కసారే వేశాను" అని పైకి అనుకుంది. పొయ్యి ఆర్పి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది.

తిరిగి వచ్చేటప్పటికి నూకరాజు మూకుట్లోది పెద్ద గిన్నెలోకి ఒంపుతున్నాడు. పేరయ్యగారు వంటింటి గుమ్మం దాటి హాల్లోకి వెళుతున్నారు. ఆమె గిన్నె అందుకుని వడ్డనకు వెళ్ళింది.

గురువుగారు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. ఆయన ముఖంలో ఏమీ కదలలేదు. ఆయన రెండో ముద్ద కలుపుకున్నాక మిగతావారు మొదలుపెట్టారు. ఎవరూ మాట్లాడలేదు. కాని గ్లాసులు మాత్రం టకటకా ఖాళీ అయ్యాయి. చంద్రకాంతం నీళ్ళ చెంబు నింపుకొచ్చే లోపలే మళ్ళీ ఖాళీ. గిన్నె పట్టుకుని మారు వడ్డించబోతే సింహాద్రి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి చల్లగా నవ్వాడు. పక్కవాడూ చెయ్యి అడ్డం పెట్టాడు. ఆ పక్కవాడూ అంతే. బంగాళాదుంప వేపుడుకి మారు వద్దనే పంక్తి ఈ భూమ్మీద ఎక్కడైనా ఉంటుందా?

ఆమె వంటింట్లోకి వెళ్ళి మూకుడు అడుగున మిగిలిన ముక్క ఒకటి నోట్లో వేసుకుంది. సముద్రపు నీళ్ళు మింగినట్టయింది. గోడకు చేరబడి అలాగే కిందికి జారి కూర్చుంది. ఇక్కడ అత్తగారు లేరు, కొత్త ఇల్లు, కొత్త పొయ్యి, పైకి చెప్పుకుంటూ మరీ ఒక్కసారే వేసిన ఉప్పు. అయినా ఇంతే. అంటే వాళ్ళన్నది నిజమే, నాకు నిజంగానే మతి పోయింది అనుకుంది. కాసేపటికి లేచి హాలు గుమ్మం దగ్గర నిలబడి, "అందరూ క్షమించండి. నాకు ఒంట్లో బాగుండటం లేదు. మందు వాడుతున్నాను" అంది.

పేరయ్యగారు పంక్తిలో మౌనాన్ని తామే భంగం చేశారు. "ఒక్క క్షణం ఉండమ్మా" అని నూకరాజు వైపు తిరిగి, "వేపుడు ఎలా ఉంది?" అని అడిగారు.

"నాకు అన్నీ ఒకటేనండి" అన్నాడు నూకరాజు వినయంగా.

"ఆవిడ వేశాక మళ్ళీ ఉప్పు పడింది. ఎవరు వేశారు?"

"మీరేనండి. ఆవిడ పెరట్లోకి వెళ్ళినప్పుడు గుప్పెడు తీసి చల్లారు. నేను పక్కనే ఉన్నాను కదండి."

"వద్దని ఎందుకు అనలేదు?"

నూకరాజు ముఖం వెలిగింది. తన సాధన పదిమందిలో బయటపెట్టే అదను ఇంతకంటే మంచిది దొరకదు. "అలవాటైపోయిందండి. ఇంట్లో మా అమ్మ వేసినప్పుడు కూడా అనను. గిన్నె దేవుడి గూటి దగ్గరికి పట్టుకెళుతూ వేస్తుందండి. నా పీట ఎదురుగానే ఉంటుంది, చూస్తూనే ఉంటాను. ఒక్కసారి కూడా మనసు చలించనివ్వలేదు" అన్నాడు.

ఆ మాట చంద్రకాంతం చెవిన పడటానికి ఒక క్షణం పట్టింది, తలకెక్కడానికి ఇంకాస్త పట్టింది. ఎక్కాక ఆమెకు ఏడుపు రాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"చూశారా? ప్రతిసారీ చూస్తూనే ఉన్నారా?" అంది.

నూకరాజు నీళ్ళు నమిలాడు. "ఇంట్లో గొడవలెందుకని..."

"గొడవా! కాకినాడలో ఆ డాక్టరు ముందు నన్ను కూర్చోబెట్టినప్పుడు మీరు పక్కనే ఉన్నారు. ఈ మనిషికి ఏమీ గుర్తుండదని మీ అమ్మగారు చెప్పమన్నదంతా చెప్పారు. రోజూ ఆ మాత్ర నా చేతిలో పెట్టి, నీళ్ళ గ్లాసు కూడా మీరే అందించారు కదండీ! నాకు పిచ్చి లేదని ఈ భూమ్మీద తెలిసిన మనిషి మీరొక్కరే. మీరే నోరు మూసుకుని తిన్నారు. ఎందుకూ? పుణ్యానికా?" అంది చంద్రకాంతం. ఆమె గొంతు వీధిలోకి వినిపించింది. వినిపించనీ అనుకుంది.

సింహాద్రి విస్తరి ముందునుంచే, "అమ్మా, గురువుగారి ఎదుట..." అని సర్దబోయాడు.

"మీరొకరు! ఒక్కరికైనా, అమ్మా ఉప్పెక్కువైంది అని చెప్పడానికి నోరు రాలేదా? చెబితే వండిన మనిషి దిద్దుకుంటుంది. చేతులు అడ్డం పెట్టి నవ్వుతారా?" అని ఆమె పేరయ్యగారి వైపు తిరిగింది. "మీరు పెద్దవారు, అయినా అడుగుతాను. ఆయనకి పాఠం చెప్పడానికి మీకు నా కూరే దొరికిందా అయ్యగారూ? ఇందాక ఆ గోడకి చేరబడి, నా మతి నిజంగానే పోయింది, ఇక బతికి ఎవరికి లాభం అనుకున్నాను. ఆ ముక్క మీకు తెలుసా? మీ పాఠంలో అది ఉందా?"

పేరయ్యగారు విస్తరి ముందునుంచి సగం భోజనంలో లేచారు. ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, తల వంచి, "తప్పు నాదేనమ్మా. అది నేను ఆలోచించలేదు. క్షమించు" అన్నారు. శిష్యులు ఆయన నోట ఆ మాట అంతకుముందు వినలేదు. మాణిక్యమ్మ వచ్చి చంద్రకాంతం భుజం మీద చెయ్యి వేసి నిలబడింది.

చంద్రకాంతం పమిట చెంగుతో ముఖం తుడుచుకుంది. ఈసారి గొంతు పెంచలేదు. "అత్తయ్యగారు ఎవరెవరి ముందు నన్ను మతిలేనిదన్నారో, వాళ్ళందరి ముందూ ఆ ఉప్పు ఎవరు వేశారో మీరు చెప్పాలి. ఆవిడ కూడా అక్కడే ఉండాలి. చెప్పిన రోజున నేను ఆ గడప తొక్కుతాను. చెప్పకపోతే మా పుట్టింటికి దారి నాకు గుర్తుంది. మతి బాగానే ఉంది కదా" అని భర్తతో అంది. ఆ తరువాత ఎవరికేసీ చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నూకరాజు విస్తరిలో వేపుడు అలాగే ఉంది. కాసేపు దానికేసి, కాసేపు గుమ్మం కేసి చూశాడు. చివరికి గురువుగారి కాళ్ళ దగ్గర చతికిలబడి, "అమ్మకి ఎదురు నిలబడి నలుగురిలో ఆ మాట ఎలా అననండీ? అంటే కోపం వస్తుంది, తాపం వస్తుంది, మనసంతా అల్లకల్లోలమైపోతుంది. ఇన్నేళ్ళ సాధన గంగలో కలిసిపోదా?" అన్నాడు.

పేరయ్యగారు చెయ్యి కడుక్కోవడానికి పెరటి వైపు నడుస్తూ ఆగారు.

"ఇన్నేళ్ళూ సాధన చేసింది మీ ఆవిడ నాయనా. నువ్వింకా మొదలుపెట్టలేదు" అన్నారు.