పొగ దిగివచ్చిన వేళ

పేరు ఎవరికీ గుర్తులేని ఒకానొక రాజ్యాన్ని ఉద్దండరాయుడు ఏలుతుండేవాడు. పొగిడితే చాలు, ఆయన గాలిలో తేలిపోయేవాడు. ఆ కొలువులో మాచన అనే చమత్కారి ఉండేవాడు. ఓనాడు నోరు ఊరుకోక, "పొగడ్తలో ముందుండేది పొగే ప్రభూ! కళ్లు జాగ్రత్త," అన్నాడు.

రాజుకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయితే ఆ పొగలోనే పడివుండు! అడవిలో బొగ్గుబట్టీ కాచుకో. కట్టె మాది, బొగ్గు మాది, పొగంతా నీది. మేం పిలవకుండా కోట గడప తొక్కావో, తల ఉండదు!"

మాటే బతుకైన మనిషికి మాట్లాడే తోడు లేకుండా పోయింది. బొగ్గు తోలుకెళ్లే బండివాడికి పుట్టుచెవుడు. పాపం, మాచన తన చమత్కారాలన్నీ మోదుగ మోళ్లకే చెప్పుకునేవాడు. నవ్వేవాళ్లు లేక ఒక్కోసారి మధ్యలోనే ఆపేసి ఏడ్చేవాడు.

'నాకున్న ఆస్తి పొగే కదా, దాన్ని గాలికెందుకు వదలాలి?' అనుకుని ఒక పొద్దున బట్టీ పొగకన్నానికి పొడవాటి వెదురుగొట్టం బిగించి, పైన తడిగుడ్డలు చుట్టాడు. గొట్టం చివర నల్లని చుక్కలు రాలాయి. కుండ పట్టాడు. తేరిన నీరు వంపేస్తే అడుగున చిక్కని నూనె మిగిలింది. గుడ్డ ముంచి అంటిస్తే భగ్గుమంది!

"చూశావా!" అంటూ వెనక్కి తిరిగాడు. వెనక ఎవరూ లేరు.

ఆ ఏడు వానల్లేక ఆముదాలు పండలేదు. కోటలో దివిటీలు ఆరిపోయాయి. అడవిలో వెలుగుందని విని రాజే పల్లకీలో వచ్చాడు. బట్టీలో కాలే మోదుగ నరికినకొద్దీ చిగురించేదే కనుక నూనెకు కరవుండదని కనిపెట్టి, "కుండలెత్తండి! మా కట్టెలోని నూనె మాదే," అన్నాడు. మాచన వంక కన్నెత్తి చూడలేదు.

మాచన కుండలకు చేతులు అడ్డంపెట్టాడు. "ఇది తమరిచ్చిన పొగే ప్రభూ!"

"పొగ పైకి పోతుంది గానీ కిందికి దిగుతుందటోయ్?"

"చల్లారితే దిగుతుంది. నెత్తికెక్కిన కోపం చల్లారబట్టే కదా, ఏలినవారు నా గుడిసెదాకా దిగివచ్చారు!"

రాజు బిత్తరపోయి, ఆపైన పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు. "గెలిచావోయ్! ఏం కావాలో కోరుకో."

"నూనె తమరే తీసుకోండి. కాసేపు కూర్చోండి ప్రభూ. మనిషితో మాట్లాడి చాన్నాళ్లయింది."

రాజు నవ్వు ఆగిపోయింది. పల్లకీలో పక్కకు జరిగి, "ఎక్కు, ఇంటికి పోదాం," అన్నాడు.

దారి పొడవునా మాచన నోరు మూతపడలేదు. కోట చేరేసరికి రాజుగారి చెవులు హోరెత్తిపోయాయి గానీ, ఆపమని మాత్రం అనలేదు.