వెయ్యి ఇళ్ళు, ఒక్క బాట

వెనకటికి రత్నగిరి రాజ్యాన్ని ఉదయకేసరి అనే రాజు ఏలేవాడు. ఆయనకు కట్టడాల పిచ్చి. కోట తూర్పు వాకిలి అవతల ఒకేసారి వెయ్యి ఇళ్ళు కట్టించి, ఆ పేటకు తన పేరే పెట్టుకున్నాడు.

అక్కడికి పోయే బాట ఒక్కటే, అదీ కుమ్మరివాడ నడుమ నుంచి. ఇళ్ళు కడుతుండగానే రాళ్ళబండ్లతో అది కిక్కిరిసిపోయింది. ఒకనాడు మంత్రసాని చెంచమ్మ ఆ బండ్ల మధ్య చిక్కుకుని, బిడ్డ భూమ్మీద పడ్డాక గాని పురిటింటికి చేరలేకపోయింది. తల్లీబిడ్డా క్షేమమే గాని వాడంతా హడలిపోయింది. చెంచమ్మ నేరుగా సభకు వచ్చింది.

"మహాప్రభో! ఇప్పుడే ఇలా ఉంటే, రేపు వెయ్యి కాపురాలు దిగాక మా గతేం కాను?"

మంత్రి దండపాణి మీసం దువ్వాడు. "బాట నేనే కొలిపించాను. రెండు ఏనుగులు పక్కపక్కనే నడవచ్చు!"

"ఇళ్ళు ఏనుగులకిస్తే ఇబ్బంది లేదు మంత్రివర్యా, మనుషులకిస్తున్నాం" అన్నాడు విదూషకుడు తిప్పన.

సభ గొల్లుమంది. రాజు ముఖం ఎర్రబడింది. "చాల్లే! గృహప్రవేశాలకు నేనే వస్తాను. తిప్పనా, ఏర్పాట్లు నువ్వే చూడు."

"చిత్తం ప్రభూ!"

రాజుగారు వచ్చే ముహూర్తానికే మీరూ పాలు పొంగించుకోండని తిప్పన కొత్త ఇళ్ళవాళ్ళకు కబురంపాడు. అంతకన్నా అదృష్టమా అని అందరూ సంబరపడ్డారు.

ఆ పొద్దున బాట నిండా మంచాలు, రోళ్ళు, పరుపులు మోసే బండ్లు, ఆవూదూడలు. రాజుగారి పల్లకి కుమ్మరివాడలో ఒక గడ్డిబండికీ ఆవుకూ మధ్య ఇరుక్కుంది. ఆవు పల్లకికి కట్టిన పూలదండలు తాపీగా నమలసాగింది.

"రాజుగారొస్తున్నారు! తప్పుకోండి!" అని మంత్రి అరిచాడు.

"ఎటు తప్పుకోమంటారు బాబూ?" అన్నాడు బండి మీది ముసలాయన.

ముహూర్తం కాస్తా దాటిపోయింది. రాజు చెమటలు కక్కుతూ దిగాడు. "తిప్పనా! వెయ్యి కుటుంబాలనూ ఒక్కరోజే రమ్మన్నావా?"

"ఎంతమాట ప్రభూ! మూడు వందలే. తక్కిన ఏడు వందలకూ వచ్చే నెల్లో ముహూర్తం."

రాజు బాట నిండా ఇరుక్కున్న బండ్లను మరోసారి కలయజూశాడు. తరువాత పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊరి వెలుపలి నుంచి రెండు వెడల్పు బాటలు వేసేదాకా తక్కిన ఇళ్ళ తాళాలు తీయవద్దనీ, అందాకా మంత్రి కుమ్మరివాడలోనే కాపురముండి పని చూడాలనీ ఆజ్ఞాపించాడు.

"తిప్పనా, ఈ కొత్తపేటలో నీకొక మేడ బహుమానం!"

తిప్పన రెండు చేతులూ జోడించాడు. "బాటలు పూర్తయ్యాక ఇప్పించండి ప్రభూ! ఇవాళే ఇస్తే జనం దాన్ని శిక్ష అనుకుంటారు."